కాపురానికి వెళ్లనన్న రఖ్మాబాయి

ఇండియా నుంచి సెక్షన్ 9 నోటీసు వచ్చిందట, అంటే ఏమిటి అని మన వాళ్లలో ఎవరో ఒకరు అడుగుతూనే ఉంటారు. భార్య గానీ భర్త గానీ తగిన కారణం లేకుండా విడిగా ఉంటున్నారని, మళ్లీ కాపురానికి రమ్మని కోర్టు చేత చెప్పించమని అడిగే దావా అది. లాయర్ల భాషలో దాంపత్య హక్కుల పునరుద్ధరణ. ఆ ప్రశ్న విన్నప్పుడల్లా నాకు సెక్షన్ కంటే ముందు ఒక మనిషి గుర్తుకొస్తుంది. ఆమె పేరు రఖ్మాబాయి. ఇంగ్లీషు పుస్తకాల్లో రుఖ్మాబాయి అని కనిపిస్తుంది. 140 ఏళ్ల కిందట బొంబాయి హైకోర్టులో ఇదే దావా ఎదుర్కొని, కాపురానికి వెళ్లేకంటే జైలుకి వెళ్తానని చెప్పిన మనిషి.

ఆమె 1864 నవంబరు 22న బొంబాయిలో పుట్టింది. వాళ్లది సుతార్ కులం, అంటే వడ్రంగులు. తండ్రి జనార్దన్ పాండురంగ్ ఆమె పసిపిల్లగా ఉండగానే పోయాడు. తల్లి జయంతీబాయికి అప్పటికి ఇంకా ఇరవై ఏళ్లు కూడా లేవు. కొన్నేళ్ల తర్వాత ఆమె డాక్టర్ సఖారాం అర్జున్‌ని మళ్లీ పెళ్లి చేసుకుంది. మన రాజమండ్రిలో వీరేశలింగం పంతులుగారు మొదటి వితంతు వివాహం చేయించింది 1881లో, అదీ ఎంత గొడవ మధ్యో మనకు తెలుసు. సుతార్లలో మాత్రం విధవకు మారుమనువు ఆచారంగానే ఉండేది. పెళ్లికి ముందు జయంతీబాయి ఒక పని చేసింది. మొదటి భర్త ఆస్తిని కూతురి పేర రాసేసింది. 1856 నాటి వితంతు పునర్వివాహ చట్టం ప్రకారం మళ్లీ పెళ్లి చేసుకున్న స్త్రీకి మొదటి భర్త ఆస్తి మీద హక్కు పోయేది. కాబట్టి అది కూతురికి దక్కేలా చూసుకోవడం తెలివైన పనే. ఈ ఆస్తి సంగతి గుర్తుపెట్టుకోండి, తర్వాత కథలో దీని పాత్ర ఉంది.

సవతి తండ్రి సఖారాం పేరున్న వైద్యుడు, చదువుల మీద ప్రేమ ఉన్నవాడు. అయినా రఖ్మాబాయికి 11 ఏళ్లు వచ్చేసరికి పెళ్లి జరిగిపోయింది. వరుడు దాదాజీ భికాజీ, 19 ఏళ్లు, డబ్బు లేని బంధువుల కుర్రాడు. మాట మన ఇల్లరికం లాంటిది: అల్లుడు అత్తవారింట్లోనే ఉండి, వాళ్ల ఖర్చు మీద చదువుకుని, ఒక దారిన పడాలి. పిల్ల పెద్దమనిషి కాగానే గర్భాదానం జరిపించాలని దాదాజీ వైపు నుంచి ఒత్తిడి వచ్చింది. అంత చిన్న వయసులో కుదరదని సఖారాం ఒప్పుకోలేదు. డాక్టరు కనుక ఆయనకు దాని ప్రమాదం తెలుసు. నా లెక్కలో ఈ కథ మొత్తానికి మలుపు అక్కడే ఉంది. ఆయన ఆ రోజు ఊరి మాట విని ఉంటే మిగిలిన కథ ఏదీ జరిగేది కాదు.

దాదాజీకి చదువు అబ్బలేదు. ఆ ఇంటి పద్ధతి నచ్చక మేనమామ నారాయణ్ ధుర్మాజీ దగ్గరికి వెళ్లిపోయాడు. అప్పులు చేశాడు. ఇటు రఖ్మాబాయి ఇంట్లోనే కూర్చుని మిషన్ లైబ్రరీ నుంచి తెచ్చుకున్న పుస్తకాలతో ఇంగ్లీషు నేర్చుకుంది, ప్రార్థనా సమాజం వాళ్ల సభలకు వెళ్లేది. ఏళ్లు గడిచేకొద్దీ ఇద్దరి దారులూ పూర్తిగా వేరైపోయాయి. ఆస్తి ఉన్న భార్య పుట్టింట్లోనే ఉండిపోతోంది. 1884లో దాదాజీ కోర్టుకెక్కాడు, నా భార్యను నాకు పంపించండని.

ఇక్కడ కొంచెం ఆగాలి. మన శాస్త్రాల్లోనూ ఆచారాల్లోనూ భార్యను కాపురానికి పంపమని పెద్దమనుషులు చెప్పడం ఉంది గానీ, కోర్టులో దావా వేసి, డిక్రీ తెచ్చుకుని, మాట వినకపోతే జైల్లో పెట్టించే పద్ధతి లేదు. అది ఇంగ్లండు చర్చి కోర్టుల నుంచి వచ్చింది. తెల్లవాళ్ల కోర్టులు దాన్ని తెచ్చి హిందూ పెళ్లిళ్లకు అంటగట్టాయి. ఇంకా విచిత్రం, దాదాజీ దావా వేసిన 1884లోనే ఇంగ్లండు పార్లమెంటు తమ దేశంలో ఈ డిక్రీని ధిక్కరించినందుకు జైలుకి పంపడాన్ని రద్దు చేసింది. ఇక్కడ మాత్రం సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో జైలు అలాగే మిగిలిపోయింది.

కేసు మొదట జస్టిస్ పిన్హే ముందుకు వచ్చింది. 1885 సెప్టెంబరులో ఆయన దాదాజీ దావా కొట్టేశాడు. తనకు ఊహ తెలియని వయసులో కట్టబెట్టిన పెళ్లి, ఎన్నడూ మొదలుకాని కాపురం, దాన్ని పునరుద్ధరించడం ఏమిటన్నది ఆయన తర్కం. లేని దాన్ని మళ్లీ తేలేం కదా. ఆ తీర్పుతో దేశమంతా గొడవ. పత్రికలు రెండుగా చీలిపోయాయి. మలబారీ లాంటి సంస్కర్తలు ఆమె పక్షాన నిలబడ్డారు. తిలక్ ఆమెకు గట్టి వ్యతిరేకి. స్వరాజ్యం అడిగిన ఆయనే ఇంటి లోపలి సంగతికి వచ్చేసరికి ఇలా నిలబడటం నాకు ఇప్పటికీ మింగుడుపడదు. సవతి తండ్రి సఖారాం అదే సంవత్సరం చనిపోయాడు. మరో సంగతి చాలామందికి అప్పటికి తెలియదు: ఒక హిందూ స్త్రీ అనే మారుపేరుతో బాల్య వివాహాల మీద, విధవల బతుకు మీద టైమ్స్ ఆఫ్ ఇండియాలో ఉత్తరాలు రాస్తున్నది రఖ్మాబాయే.

దాదాజీ అప్పీలు చేశాడు. 1886లో పై బెంచి పిన్హే తీర్పు చెల్లదని కేసును తిరగతోడింది. 1887 మార్చి 4న జస్టిస్ ఫారన్ తీర్పు చెప్పాడు: నెల రోజుల్లో భర్త ఇంటికి వెళ్లాలి, లేకపోతే ఆరు నెలల జైలు. రఖ్మాబాయి వయసు అప్పటికి 22. తన సమ్మతి లేకుండా జరిగిన పెళ్లికి తాను కట్టుబడనని, ఎంత కఠిన శిక్ష అయినా అనుభవిస్తానని చెప్పింది. ఏడ్చి, బతిమాలి, వాయిదా అడిగే దారి తీసుకోలేదు.

జైలు దాకా పోలేదు. ఆమె తరఫున నిధి పోగైంది, ఇంగ్లండులో కూడా ఆమె గురించి మాట్లాడుకున్నారు, ప్రభుత్వానికి ఇబ్బందిగా తయారైంది. 1888 జూలైలో రాజీ కుదిరింది. దాదాజీ 2,000 రూపాయలు తీసుకుని డిక్రీ అమలు చేయించనని ఒప్పుకున్నాడు. వాట్సాప్‌లో తిరిగే కథల్లో ఆమెను భారతదేశంలో విడాకులు పొందిన మొదటి స్త్రీ అంటారు. అది సరికాదు. ఆ రోజు హిందువులకు విడాకుల చట్టమే లేదు. డబ్బు తీసుకుని అతను తన హక్కు వదులుకున్నాడు, అంతే. పెళ్లి పెళ్లిగానే ఉంది. ఫలితం చూడండి: దాదాజీ మరుసటి ఏడాది ఇంకో పెళ్లి చేసుకున్నాడు, చట్టం అడ్డు చెప్పలేదు. రఖ్మాబాయి మాత్రం జన్మంతా ఒంటరిగానే ఉండిపోయింది. మగవాడికి రెండో పెళ్లి తలుపు మూసింది చాలా తర్వాత. మన ఆంధ్ర జిల్లాలు మద్రాసు రాష్ట్రంలో ఉండగా 1949లో అక్కడి చట్టం ఆ పని చేసి, విడాకులకూ దారి ఇచ్చింది. దేశమంతటికీ 1955లో హిందూ వివాహ చట్టం వచ్చింది.

ఆ 1955 చట్టంలోనే రఖ్మాబాయిని వేధించిన దావా సెక్షన్ 9గా మళ్లీ చోటు చేసుకుంది. తేడాలు ఉన్నాయి. 1923లోనే జైలు శిక్ష తీసేశారు. ఇప్పుడు డిక్రీ ధిక్కరిస్తే ఆస్తి జప్తు వరకే. భార్యా వేయవచ్చు, భర్తా వేయవచ్చు. విడిగా ఉండటానికి తగిన కారణం ఉందని రుజువు చేసుకునే బాధ్యత వెళ్లిపోయిన వారిదే. డిక్రీ వచ్చాక ఏడాది పాటు కాపురం మొదలుకాకపోతే ఇద్దరిలో ఎవరైనా విడాకులు అడగవచ్చు. అందుకే ఇవాళ ఈ కేసు వేసేవాళ్లందరూ భార్యో భర్తో తిరిగి రావాలని వేస్తారనుకోకూడదు. చాలాసార్లు ఇది విడాకులకు మెట్టు, లేదా మనోవర్తి కేసుకి ఎదురు కేసు. విదేశంలో ఉన్నాం కదా, మనల్ని ఏం చేస్తారులే అని నోటీసు పక్కన పడేస్తే కోర్టు ఎక్స్‌పార్టీ డిక్రీ ఇచ్చేస్తుంది, ఏడాది గడియారం తిరగడం మొదలవుతుంది. కాపురానికి రాలేదు కాబట్టి మనోవర్తి ఇవ్వనక్కర్లేదని వాదించేవాళ్లకు మాత్రం 2025 జనవరిలో సుప్రీంకోర్టు అడ్డుకట్ట వేసింది. డిక్రీ ఉన్నా సరే, వెళ్లకపోవడానికి భార్యకు సరైన కారణం ఉంటే మనోవర్తి దక్కుతుందని తేల్చింది.

మన ఆంధ్రప్రదేశ్ హైకోర్టుకు ఈ చరిత్రలో మంచి చోటు ఉంది. 1983లో జస్టిస్ పి.ఎ. చౌదరి సెక్షన్ 9 రాజ్యాంగానికి విరుద్ధమని కొట్టేశారు. తిరుపతిలో స్కూలు వయసులో పెళ్లయి, ఏళ్ల తరబడి విడిగా ఉన్న ఒక అమ్మాయి మీద కడప కోర్టులో భర్త వేసిన కేసు అది. ఇష్టం లేని శరీరాన్ని కోర్టు ఉత్తర్వుతో అప్పగించడం మనిషి గౌరవానికీ ఏకాంతానికీ దెబ్బ అన్నది ఆ తీర్పు సారం. పిన్హే తీర్పుకి సరిగ్గా వందేళ్ల లోపు. కానీ మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు వేరే కేసులో సెక్షన్ 9 చెల్లుతుందని చెప్పడంతో ఆ తీర్పు నిలవలేదు. ఈ దావాను పుట్టించిన ఇంగ్లండు 1970లో చట్టం చేసి దాన్ని పూర్తిగా ఎత్తేసింది. లండన్‌లోనో లెస్టర్‌లోనో ఉన్న మన కోడలికి అక్కడ లేని కేసు గుంటూరులో ఉందన్నమాట.

తిరుగు వైపు చిక్కు కూడా ఉంది, అమెరికాలో ఉన్నవాళ్లు ఎక్కువగా పడేది ఇందులోనే. ఇక్కడి కోర్టులో ఎవరి తప్పూ చూపకుండా విడాకులు తీసుకోవచ్చు. ఆ కాగితం ఇండియాలో చెల్లుతుందా? తిరుపతిలో పెళ్లి చేసుకున్న ఒక తెలుగు జంట విషయంలో, భర్త మిస్సోరీలో తెచ్చుకున్న విడాకులను 1991లో సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. ఏ చట్టం కింద పెళ్లయిందో ఆ చట్టంలోని కారణాల మీదే విడాకులు ఇచ్చి ఉండాలి, లేదా రెండో మనిషి తన ఇష్టంతో ఆ కోర్టుకు వచ్చి వాదించో, ఒప్పుకునో ఉండాలని నియమం పెట్టింది. అవతలివాళ్లు నోటీసు అందుకుని ఊరుకున్నంత మాత్రాన ఒప్పుకున్నట్టు కాదు. ఇది తెలియక ఇక్కడ విడాకులయ్యాయని అక్కడ రెండో పెళ్లి చేసుకుంటే, చట్టం దృష్టిలో మొదటి భార్య ఇంకా భార్యే. దాదాజీకి దొరికిన వెసులుబాటు ఇప్పుడు నేరం.

మళ్లీ రఖ్మాబాయి దగ్గరికి వస్తాను. బొంబాయి కామా ఆసుపత్రిలో పనిచేసిన ఇంగ్లీషు డాక్టరమ్మ ఎడిత్ పీచీ ఆమెను వైద్యం చదవమని ప్రోత్సహించింది. 1889లో ఓడెక్కి లండన్‌లో స్త్రీల వైద్య కళాశాలలో చేరింది. కుటుంబాన్ని వదిలి, కొత్త చలిలో, కేసు మరకతో పాతికేళ్ల వయసులో చదువు మొదలుపెట్టడం ఎలా ఉంటుందో విదేశాలకు చదువుకి వచ్చిన మన పిల్లలకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఆమె అక్కడ ఉండగానే 1891లో ఇండియాలో అమ్మాయిల సమ్మతి వయసు పది నుంచి పన్నెండుకి పెరిగింది. ఆమె కేసు లేపిన చర్చకు అందులో వాటా ఉంది. 1894లో పట్టా అందుకుని తిరిగొచ్చి, సూరత్‌లో ఆడవాళ్ల ఆసుపత్రి పెద్ద డాక్టరుగా చేరింది. ఆ తర్వాత రాజ్‌కోట్. మొత్తం ముప్పై ఏళ్లకు పైగా పురుళ్లు పోసింది, పరదా చాటు ఆడవాళ్లకు వైద్యం చేసింది. రిటైరయ్యాక బొంబాయికి తిరిగొచ్చింది.

1904లో దాదాజీ చనిపోయాడు. ఆ వార్త విన్నాక రఖ్మాబాయి విధవలు కట్టే తెల్లచీర కట్టుకుంది. దీనికి రకరకాల అర్థాలు చెబుతారు. ఆచారానికి లొంగిందని కొందరు, ఆసుపత్రికి వచ్చే ఆడవాళ్లు తనను పరాయిగా చూడకుండా ఉండాలని కట్టిందని కొందరు. నాకైతే మరోలా అనిపిస్తుంది. చట్టం ఆమెను చివరిదాకా దాదాజీ భార్యగానే ఉంచింది కదా, అతను పోయినప్పుడే ఆ లెక్క తీరింది.

ఆమె 1955 సెప్టెంబరు 25న, 90 ఏళ్ల వయసులో కన్నుమూసింది. హిందూ స్త్రీలకు విడాకుల హక్కు ఇచ్చిన చట్టం అదే ఏడాది మే 18న అమల్లోకి వచ్చింది.