పల్లె బిడ్డల కాపరి – బిషప్ అజరయ్యగారు

ధ్యానభాగము: నెహెమ్యా 5:1–13

యెరూషలేము గోడలు కట్టబడుచున్న దినములలో పేదజనులు నెహెమ్యా యొద్దకు వచ్చి మొరపెట్టిరి. వారు కరవులో ధాన్యము కొరకు పొలములను, ఇండ్లను కుదువపెట్టిరి. రాజునకు పన్ను కట్టుటకు అప్పుచేసిరి. కడకు తమ కుమారులను, కుమార్తెలను దాసులుగా అప్పగించిరి. కన్నబిడ్డను అమ్ముకొనవలెనని ఏ తల్లియు కోరదు. అప్పు మొదట గింజలను, తరువాత పొలమును, ఆ తరువాత బిడ్డను పట్టుకొనిపోవునని ఈ అధ్యాయము మనకు తెలుపుచున్నది. ఈ నెల మనము స్మరించు దైవజనుడు అట్టి అప్పులలో చిక్కిన పల్లెల మధ్యనే 35 సంవత్సరములు పాటుపడిరి.

వేదనాయకం శామ్యూల్ అజరయ్యగారు 1874 ఆగస్టు 17న తిరునల్వేలి సీమలోని వెల్లాలన్‌విళై గ్రామమున జన్మించిరి. తండ్రి పల్లె గురువు. అజరయ్యగారు 1895 మొదలు వై.ఎం.సి.ఎ.లో పనిచేసి మంచి పేరు పొందిరి. 1903లో తిరునల్వేలి క్రైస్తవులు తమ స్వంత కానుకలతో ఇండియన్ మిషనెరీ సొసైటీని స్థాపించినప్పుడు ఆయన ముందు నిలిచిరి. ఆ సొసైటీ నిజాము రాజ్యములోని దోర్నకలును తన సేవాస్థలముగా ఏర్పరచుకొనెను. పరులను పంపి తాను ఇంటియొద్ద ఉండుట తగదని తలంచి, 1909లో ఆయన కుటుంబముతో దోర్నకలు చేరిరి. తమిళుడైన ఆయన మన తెలుగు నేర్చుకొనిరి. 1912 డిసెంబరు 29న కలకత్తాలో బిషప్‌గా ప్రతిష్ఠింపబడిరి. ఆంగ్లికన్ సంఘములో బిషప్ అయిన మొదటి భారతీయుడు ఆయనే.

ఆనాడు ఖమ్మము, ముదిగొండ మొదలు అడవి అంచుల వరకు గల ఈ ప్రాంతమంతయు నిజాము ఏలుబడిలో నుండెను. తెలంగాణ పల్లెలలో వెట్టిచాకిరి సాగుచుండెను. పేద తండ్రి పెండ్లికో కరవుకో అప్పుచేయును. కాగితముపై ఏమి వ్రాసిరో తెలియక వ్రేలిముద్ర వేయును. అప్పు తీరదు, కుమారుడు దొరగారి పశువులు కాయుటకు పోవును. ఇట్టి కట్టుబానిస పనిని భగేలా అనిరి. దానిని అదుపుచేయుటకు 1936లో శాసనము వచ్చినను పల్లెలలో అది సరిగా అమలు కాలేదు. దొరల ఇంటి పిల్ల అత్తవారింటికి వెళ్లునప్పుడు పేదింటి బాలికలను ఆడబాపలుగా వెంట పంపు దురాచారమును ఉండెను. పిల్లల అక్రమ రవాణా అను మాట అప్పుడు లేకున్నను, ఆ పని ఉండెను.

అజరయ్యగారు దీనిని ఏ ఒక్క శాసనముతోను మాన్పలేదు. ఎడ్లబండిపై పల్లె పల్లె తిరిగి, ఊరి వెలుపలి వాడలలో చెట్లక్రింద కూర్చుండి బోధించిరి. బాప్తిస్మము గోరువారు స్త్రీలైనను పురుషులైనను నేర్చుకొనవలెననిరి. మద్యము, అప్పు, రోగము, మురికి అనువాటిని పల్లె శత్రువులుగా ఎంచి పోరాడిరి. వాడలోనే కాపురముండి పగలు పిల్లలకు, రాత్రి పెద్దలకు చెప్పు ఉపాధ్యాయులను సిద్ధపరచిరి. స్త్రీలు వంటకు కొలిచిన బియ్యములో పిడికెడు దేవుని కొరకు తీసిపెట్టిరి. 1935 నాటికి ఆయన అధ్యక్ష మండలములో సుమారు 250 మంది భారతీయ గురువులు, 2,000కు పైగా పల్లె ఉపాధ్యాయులు ఉండిరి. సహకార సంఘములును, వైద్యశాలలును ఉండెను. కాగితము చదువగలిగిన తండ్రి ఊరక వ్రేలిముద్ర వేయడు. సంఘమునుండి అప్పు దొరికిన తల్లి బిడ్డను కుదువపెట్టదు. 1945 జనవరి 1న ఆయన దోర్నకలులోనే ప్రభువునందు నిద్రించిరి.

ప్రియులారా, రాజ్యాంగము 23వ అధికరణము మనుష్యుల క్రయవిక్రయమును, వెట్టిని నిషేధించెను. 1976 చట్టము కట్టుబానిసత్వమును, దానిక్రింది అప్పులను కొట్టివేసెను. 2024 జూలై 1 నుండి అమలులోనున్న భారతీయ న్యాయ సంహిత 143వ సెక్షను ఈ నేరమునకు కఠిన శిక్ష విధించుచున్నది. బిడ్డ ఇష్టపడియే వచ్చెననుట దానియెదుట చెల్లదు. అయినను దళారి నేడును వచ్చుచున్నాడు. పట్నములో మంచి పని అనును, కట్నములేని పెండ్లి అనును, ముందుగా కొంత సొమ్ము చేతిలో పెట్టును. కొత్తగూడెము వైపునుండి వచ్చు రైలుమార్గము దోర్నకలు జంక్షనులోనే పెద్ద లైనును కలియును. అక్కడినుండి బిడ్డ ఎంత దూరమైనను పోవచ్చును.

కాబట్టి సంఘపెద్దలు తమ వాడలోని ప్రతి బిడ్డ పేరును ఎరిగియుండవలెను. బడికి రాని బిడ్డ ఇంటికి ఆ వారమే వెళ్లవలెను. పని చూపెదననువాని పేరు, ఊరు, ఫోను నెంబరు వ్రాసికొని పంచాయతీలోను బడిలోను చెప్పవలెను. బయానా సొమ్ము ముట్టరాదు. సందేహము కలిగిన వెంటనే 1098కి ఫోను చేయవలెను. దానికి డబ్బు పడదు.

మరియొక మాట. నెహెమ్యా గద్దించినది అన్యులను కాదు, స్వజనులలోని పెద్దలను. మిర్చి కోతల కాలమున ఛత్తీస్‌గఢ్ అడవులనుండి కూలి కుటుంబములు మన పొలములకు వచ్చును. వారి పిల్లలు మన చేలలో కాయలు కోయుచున్నారా? మన వంటయింట గిన్నెలు తోముచున్న చిన్నది ఎవరి బిడ్డ? ఈ ప్రశ్నలకు మనమే జవాబు చెప్పవలెను.

అప్పులవాడు విధవరాలి ఇద్దరు కుమారులను పట్టుకొనిపో వచ్చినప్పుడు, ఎలీషా ఆమెను పొరుగువారి యొద్ద వట్టి పాత్రలు అడిగి తెమ్మనెను. పొరుగువారు ఇచ్చిన పాత్రలలో నిండిన నూనెవలన ఆ కుమారులు విడిపింపబడిరి. మన పొరుగున బిడ్డ పోవు సమయమున మన పాత్రయు సిద్ధముగా నుండునట్లు ప్రభువు మనకు సహాయము చేయునుగాక. ఆమేన్.