కర్ణధారుడు: నార్బర్టు వీనరు జీవితము

కంప్యూటరు, కృత్రిమ మేధ అను మాటలు నేడు మన యిండ్లలో నిత్యము వినబడుచున్నవి. 2019లో కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి తొమ్మిదవ తరగతిలో కృత్రిమ మేధను ఐచ్ఛిక పాఠ్యాంశముగా ప్రవేశపెట్టెను. అయితే యంత్రమును నడుపు నేర్పు ఒక్కటియే చాలునా? దానిని ఎందులకు నడుపవలెను, ఎవరి మేలునకు నడుపవలెను అను వివేకమును గూడ బడిలోనే నేర్పవలదా? కంప్యూటర్లు పుట్టిన తొలినాళ్లలోనే ఈ ప్రశ్న నడిగిన గణితవేత్త నార్బర్టు వీనరు. ఆయన చరిత్రను మా విద్యార్థులకును, వారి తల్లిదండ్రులకును తెలుపదలచితిమి.

వీనరు 1894 నవంబరు 26వ తేదీన అమెరికాలో మిస్సోరీ రాష్ట్రమందలి కొలంబియా పట్టణమున జన్మించెను. తండ్రి లియో వీనరు, నేడు పోలెండులోనున్న బియాలిస్టాకు నగరమున పుట్టి అమెరికాకు వలస వచ్చిన యూదుడు. పెక్కు భాషలు నేర్చినవాడు. హార్వర్డు విశ్వవిద్యాలయమున స్లావు భాషల ఆచార్యుడు. కుమారునకు ఆయనయే ఇంట చదువు చెప్పెను. ఎనిమిదేండ్ల ప్రాయమున బాలుని కన్నులు దెబ్బతినగా, ఆరు మాసములు పుస్తకము ముట్టరాదని వైద్యుడు చెప్పెను. ఆ కాలమున పాఠములు వినియే నేర్చెను. లెక్కలు మనస్సులోనే చేసెను. పదునొకండవ యేట ఉన్నత పాఠశాల చదువు ముగించి, 1909లో టఫ్ట్సు కళాశాలలో పట్టము పొంది, 1913లో పదునెనిమిదేండ్లకే హార్వర్డులో డాక్టరు పట్టము నందెను.

ఈ వేగమునకు ఆయన చెల్లించిన మూల్యము గూడ కలదు. పాఠమున తప్పినచో తండ్రి గద్దింపు కఠినముగా నుండెడిది. తన బిడ్డలకు విశేష ప్రజ్ఞ యేమియు లేదనియు, అంతయు తన శిక్షణ ఫలమేననియు తండ్రి ఒక పత్రికకు చెప్పిన సంగతిని తరువాత చదివి కుమారుడు మిక్కిలి నొచ్చుకొనెను. గెలుపులు తండ్రివి, ఓటములు మాత్రము తనవి అని ఆయనకు తోచెను. తాము యూదులమను సంగతిని ఇంటివారు దాచగా, పదునైదవ యేట గాని ఆయనకు తెలియలేదు. తన మూలము తనకే దాచబడుట ఎంతటి గాయమో, పరాయి నేలపై తమ భాషను నిలుపుకొనుచున్న మనవంటివారికి వేరుగ చెప్ప బనిలేదు.

కేంబ్రిడ్జిలో రస్సెలు వద్దను, గాటింజెనులో హిల్బర్టు వద్దను చదివి, 1919లో మసాచుసెట్సు సాంకేతిక విద్యాలయమున అధ్యాపకుడై, జీవితాంతము అచ్చటనే నిలిచెను.

రెండవ ప్రపంచ యుద్ధకాలమున శత్రువిమానములను కూల్చు ఫిరంగుల గురిని సరిచేయు సమస్యను ఆయన చేపట్టెను. ఎగురుచున్న విమానము మరి కొన్ని క్షణములకు ఎచ్చట నుండునో ముందుగా లెక్కింపవలెను. జూలియన్ బిగెలో అను ఇంజనీరుతో కలిసి చేసిన ఆ పరికరము యుద్ధమున వాడబడలేదు గాని, దానివలన ఒక గొప్ప భావము స్పష్టమయ్యెను. ప్రవాహము పడవను ప్రక్కకు నెట్టినపుడు, పడవవాడు ఆ తేడాను చూచి చుక్కాని త్రిప్పును. మరల చూచును, మరల త్రిప్పును. ఫలితమును చూచి చేతను దిద్దుకొను ఈ పద్ధతి యంత్రములందును, ప్రాణుల శరీరములందును ఒకటియేనని వీనరును, ఆయన మిత్రుడగు శరీరశాస్త్రజ్ఞుడు ఆర్టురో రోసెన్‌బ్లూత్‌ను గ్రహించిరి. గ్రీకుభాషలో కర్ణధారుడను అర్థముగల పదమునుండి ఈ శాస్త్రమునకు సైబర్నెటిక్సు అని పేరిడి, 1948లో ఆ పేరనే వీనరు గ్రంథము ప్రకటించెను.

ఇంతలో 1945 ఆగష్టున హిరోషిమా, నాగసాకి నగరములు అణుబాంబులచే దగ్ధమయ్యెను. ఆ పిమ్మట, క్షిపణుల పనిలోనున్న యొకరు వీనరు యుద్ధకాలమున వ్రాసిన నివేదిక ప్రతిని కోరగా, ఆయన ఇయ్య నిరాకరించెను. ఆ లేఖ 1947 జనవరిలో అట్లాంటిక్ మంత్లీ పత్రికయందు అచ్చయ్యెను. తన విద్య ఎవరి చేతికి పోవునో, దానితో వారేమి చేయుదురో విచారించుట శాస్త్రజ్ఞుని ధర్మమని దాని సారము. 1949లో మోటారు కార్మిక సంఘాధ్యక్షుడు వాల్టర్ రూథరుకు లేఖ వ్రాసి, స్వయంచాలక కర్మాగారములవలన పనివారు వీధిపాలగు ప్రమాదము కలదని ముందుగనే హెచ్చరించెను. లాభము వచ్చు చోటనే గాక, నష్టము పడు చోటను గూడ ఆయన చూపు నిలిచినది.

1955–56లో కలకత్తాయందలి భారత గణాంక సంస్థలో అతిథి ఆచార్యుడుగా నుండెను. 1960లో సైన్సు పత్రికయందు వ్రాసిన వ్యాసములో, నేర్చుకొనగల యంత్రములు తమను చేసినవారినే ఆటలో ఓడింపగలవని చూపి, అట్టి యంత్రమునకు మనమిచ్చు లక్ష్యము మన నిజమైన కోరికయో కాదో ముందే తేల్చుకొనవలెనని బోధించెను. ఇందులకు జేకబ్సు వ్రాసిన కోతిపంజా కథను దృష్టాంతముగా చూపెడివాడు. ఆ కథలో ఒక తండ్రి మంత్రించిన పంజాను రెండువందల పౌనులు కోరును. మరునాడు కుమారుడు కర్మాగార యంత్రములో పడి మరణించెనను వార్తయు, పరిహారముగా సరిగా రెండువందల పౌనులును వచ్చును. పంజా అడిగినదే ఇచ్చెను. అడుగని దానిని కాపాడలేదు.

మన బడినే తీసికొందము. ఉత్తీర్ణుల శాతము పెంచుమని మాత్రమే యంత్రమున కాజ్ఞాపించితిమేని, వెనుకబడిన పిల్లలను పరీక్షకు పంపవలదని అది సలహా ఇయ్యవచ్చును. శాతము పెరుగును, పిల్లలు నష్టపోవుదురు. యంత్రము తనకు చూపిన వ్రాతలనుండియే నేర్చును. అంతర్జాలమున ఇంగ్లీషుకంటె తెలుగు వ్రాత మిక్కిలి తక్కువ. సరిహద్దు సీమల మన పలుకుబడి మరియు తక్కువ. మన మాట దానికి తెలియకున్నచో అది మన మాట లోపము కాదు.

కావున ఏ యంత్రమును గూర్చియైనను మా విద్యార్థులు మూడు ప్రశ్నలు వేయవలెను. దానికి లక్ష్యము నిచ్చినదెవరు? ఎవరి వ్రాతలనుండి అది నేర్చినది? అది తప్పినచో నష్టపోవువారెవరు? వీనికి కంప్యూటరు గదితో పనిలేదు. నల్లబల్ల యున్నచో చాలును. గది యున్న బడులలో బాలురు మీటలు నొక్కుచుండ బాలికలు వెనుక నిలిచి చూచుట తగదు. తల్లిదండ్రులును ఈ విషయమున మాకు తోడ్పడవలెను.

వీనరు 1964 జనవరిలో అమెరికా జాతీయ విజ్ఞాన పతకము నందుకొని, మార్చి 18వ తేదీన స్టాక్‌హోము నగరమున దివంగతుడయ్యెను. యంత్రమెంత తెలివి గలదైనను చుక్కాని మనుష్యుని చేతనే యుండవలెనని ఆయన జీవితము చాటుచున్నది. ఆ చుక్కాని పట్టు చేతులలో మన పిల్లల చేతులును ఉండుగాక!