ఒకే పార్టీ రాజ్యంలో తిరుపతి బరి: 1983 నాటి ఎన్టీఆర్ కథ

1977లో దేశమంతా కాంగ్రెస్ కొట్టుకుపోయింది. ఇందిరా గాంధీ సొంత సీటు రాయ్‌బరేలీలోనే ఓడిపోయారు. ఆంధ్రప్రదేశ్‌లో మాత్రం 42 లోక్‌సభ స్థానాల్లో 41 కాంగ్రెస్‌కే వచ్చాయి. మిగిలిన ఒక్కటి నంద్యాల. అక్కడ జనతా పార్టీ తరఫున నీలం సంజీవరెడ్డి గెలిచారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ అంటే అదీ పరిస్థితి. 1956లో రాష్ట్రం ఏర్పడినప్పటి నుంచి కాంగ్రెస్ కాని ముఖ్యమంత్రి అనేవాడే లేడు.

ఇలాంటి చోట అసలు పోటీ ఎన్నికల్లో జరగదు, టికెట్ల దగ్గర జరుగుతుంది. ఢిల్లీ నుంచి టికెట్ తెచ్చుకున్నవాడు సగం గెలిచినట్టే. ఊళ్లో పెద్దరెడ్డో, మునసబో, కాంట్రాక్టరో చెబితే ఓట్లు మూటగా పడిపోతాయి. హైదరాబాద్ పాతబస్తీలో మజ్లిస్ ఉంది కాబట్టి అక్కడి లెక్క వేరు. చిత్తూరు, మదనపల్లె, కడప వైపు ముస్లిం వాడల్లో కాంగ్రెస్‌కు ఓటేయడం తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన అలవాటు లాంటిది. ఎలాగూ పడే ఓటు కోసం గడప తొక్కాల్సిన పని ఎవరికుంటుంది?

ఆ గడప తొక్కిన మనిషి రాజకీయాల్లో పుట్టి పెరిగినవాడు కాదు. నందమూరి తారక రామారావు 1923 మే 28న కృష్ణా జిల్లా నిమ్మకూరులో రైతు ఇంట్లో పుట్టారు. విజయవాడ, గుంటూరుల్లో చదివారు. కాలేజీ నాటకంలో ఆడవేషం ఇచ్చి మీసం తీయమంటే ససేమిరా అన్నారట. మీసంతోనే వేషం కట్టి మీసాల నాగమ్మ అనిపించుకున్నారు. సబ్‌రిజిస్ట్రార్ ఉద్యోగం వస్తే మూడు వారాలకే వదిలేసి మద్రాసు వెళ్లిపోయారు. 1949లో మనదేశంలో పోలీసు అధికారి వేషం, 1951లో పాతాళభైరవి, 1957లో మాయాబజార్. ఆ తర్వాత ఆయన సినిమాల పట్టిక చెప్పుకుంటూ పోతే ఇంకో వ్యాసం అవుతుంది. దాదాపు 300 చిత్రాలు చేశారు.

తిరుపతికీ ఆయనకీ ముడి పడింది 1960లో. శ్రీవేంకటేశ్వర మహాత్మ్యంలో ఆయన వేంకటేశ్వరుడి వేషం వేశారు. కొండకు వచ్చిన యాత్రికులు దర్శనం అయ్యాక బస్సు మద్రాసుకు తిప్పి ఆయన ఇంటి ముందు వాలేవారు. దేవుణ్ణి చూశాం, ఇక ఈయన్నీ చూసి పోదాం అన్నట్టు ఉండేది ఆ వరస. రాయలసీమకు ఆయన అంతకు ముందే తెలుసు. 1952లో ఇక్కడ కరువు వచ్చినప్పుడు జోలె పట్టి చందాలు పోగు చేశారు. 1977లో దివిసీమ ఉప్పెన వచ్చినప్పుడూ అదే పని చేశారు.

ఉర్దూ ఇళ్లకు గుర్తుండే సంగతి ఇంకొకటుంది. రాముడు, కృష్ణుడు వేషాలతో పేరు మోసిన ఈ మనిషే అక్బర్ సలీం అనార్కలి సినిమా తీసి, తానే అక్బర్‌గా నటించి, కొడుకు బాలకృష్ణను సలీంగా నిలబెట్టారు. దానికి సంగీతం సి. రామచంద్ర. పాటలు పాడింది మహమ్మద్ రఫీ. రఫీ గొంతులో తెలుగు విన్నవాళ్లకు ఆ సినిమా ఇప్పటికీ ఓ ముచ్చట.

1982 ఫిబ్రవరిలో బేగంపేట విమానాశ్రయంలో అప్పటి ఎంపీ రాజీవ్ గాంధీ ముఖ్యమంత్రి అంజయ్యను అందరి ముందూ కసురుకున్నారు. ఆ నెలలోనే అంజయ్య పదవి పోయింది. 1978 నుంచి 1983 దాకా అయిదేళ్లలో చెన్నారెడ్డి, అంజయ్య, భవనం వెంకట్రామ్, కోట్ల విజయభాస్కరరెడ్డి, మొత్తం నలుగురు ముఖ్యమంత్రులు. ఎవరు వచ్చేదీ ఎవరు పోయేదీ నిర్ణయించింది ఢిల్లీయే. ఓటర్లను అడిగినవాళ్లు లేరు. తెలుగువాళ్ల ఆత్మగౌరవం అనే మాట అంత త్వరగా అంటుకోవడానికి ఎండుగడ్డి అక్కడే పేరుకుని ఉంది.

మార్చి 29న హైదరాబాద్‌లో ఎన్టీఆర్ తెలుగుదేశం పార్టీ ప్రకటించారు. రెండు నెలలు తిరక్కుండానే మే నెలలో, ఆయన పుట్టినరోజు వేళకు, తిరుపతిలో మహానాడు పెట్టారు. అదే ఏడాది ఈనాడు పత్రిక తిరుపతి ఎడిషన్ కూడా మొదలైంది. సీమ పల్లెల్లో ఆయన సభల వార్త తెల్లారేసరికి టీ బంకు బల్ల మీద ఉండేది. పత్రిక ఆయన పక్షమే అన్నది ఎవరికీ దాపరికం కాదు. అయినా అప్పటిదాకా ఒకే గొంతు వింటున్న చోట రెండో గొంతు వినబడటం చిన్న సంగతి కాదు.

ఇక చైతన్య రథం. ఓ పాత షెవర్లే వ్యాన్‌ను బాగు చేయించి, మైకులు కట్టించి, పైకెక్కి మాట్లాడటానికి వీలుగా మార్చారు. కొడుకు హరికృష్ణ డ్రైవర్. అరవై ఏళ్లకు దగ్గరపడిన మనిషి ఖాకీ బట్టలేసుకుని తొమ్మిది నెలలు రోడ్డు మీదే బతికారు. రోడ్డు పక్కనే స్నానం, అక్కడే భోజనం, అక్కడే కునుకు. ఫలానా టైముకు వస్తారని చెబితే ఏ అర్ధరాత్రికో వచ్చేవారు. జనం మాత్రం కదిలేవారు కాదు, ఆడవాళ్లు పిల్లల్ని చంకనేసుకుని కూర్చునేవారు. సినిమావాణ్ణి చూడ్డానికి వచ్చారు, ఓటెక్కడేస్తారు అని కాంగ్రెస్ నాయకులు తేలిగ్గా తీసుకున్నారు. వాళ్ల తప్పు అక్కడే మొదలైంది. పెద్దమనుషుల మధ్యవర్తిత్వం లేకుండా ఓటరు ముందు నేరుగా నిలబడి అడిగినవాడు చాలా పల్లెలకు అదే మొదటిసారి వచ్చాడు. ఆయన చెప్పిందీ అర్థం కాని విషయం కాదు. కిలో బియ్యం రెండు రూపాయలకు ఇస్తానన్నారు. కూలి డబ్బులతో వండుకునే ఇంటికి, ఆ ఇల్లు ఎవరిదైనా సరే, అది ఉపన్యాసం కాదు, పొయ్యి మీది లెక్క.

అభ్యర్థుల్లోనూ చాలామంది కొత్త మొహాలే. లెక్చరర్లు, డాక్టర్లు, లాయర్లు, అప్పటిదాకా టికెట్ మొహం చూడనివాళ్లు. పుత్తూరులో గాలి ముద్దుకృష్ణమ నాయుడు అలా వచ్చినవారే. చిత్తూరు జిల్లాను ఆనుకుని ఉన్న కదిరిలో మహమ్మద్ షాకిర్ సైకిల్ గుర్తు మీద గెలిచారు. కాంగ్రెస్ కాని పార్టీ నుంచి ఒక ముస్లిం సీమలో నెగ్గుకు రావడం చుట్టుపక్కల ఊళ్లకు ఓ కబురే.

ఎన్టీఆర్ స్వయంగా రెండు చోట్ల నిలబడ్డారు. ఒకటి సొంత జిల్లాలోని గుడివాడ, రెండోది తిరుపతి. గుడివాడ సరే, తిరుపతి మాత్రం సాహసమే. అక్కడ 1978లో గెలిచిన కాంగ్రెస్ నేత అగరాల ఈశ్వరరెడ్డి అప్పుడు శాసనసభ స్పీకర్. పక్కనే చంద్రగిరిలో కాంగ్రెస్ అభ్యర్థి ఎవరనుకున్నారు? ఎన్టీఆర్ సొంత అల్లుడు, అప్పటి మంత్రి చంద్రబాబు నాయుడు. మామ పార్టీ పెట్టినా అల్లుడు కాంగ్రెస్‌లోనే ఉండిపోయారు. పది పన్నెండు కిలోమీటర్ల దూరంలో మామ ఒక గుర్తు మీద, అల్లుడు ఇంకో గుర్తు మీద. చిత్తూరు జిల్లా ఇళ్లల్లో ఆ సంక్రాంతి ముందు రోజుల్లో ఇంతకంటే మంచి కాలక్షేపం ఉండి ఉండదు.

1983 జనవరి 5న పోలింగ్. ఫలితాలు వచ్చేసరికి 294 స్థానాల్లో 200కు పైగా తెలుగుదేశానివే. కాంగ్రెస్ 60కి పడిపోయింది. తిరుపతిలోనూ గుడివాడలోనూ ఎన్టీఆర్ గెలిచారు. చంద్రగిరిలో చంద్రబాబు ఓడిపోయారు, ఆనక మామ పార్టీలోకే వచ్చేశారు. జనవరి 9న హైదరాబాద్ లాల్ బహదూర్ స్టేడియంలో, రాజ్‌భవన్ గోడల మధ్య కాకుండా జనం మధ్యలో, ప్రమాణ స్వీకారం జరిగింది.

రెండు రూపాయల బియ్యం మాట నిలబెట్టుకున్నారు. తిరుపతికి 1983లోనే పద్మావతి మహిళా విశ్వవిద్యాలయం వచ్చింది. మైనారిటీస్ ఫైనాన్స్ కార్పొరేషన్ 1985లో ఏర్పడింది, చిన్న వ్యాపారాలకు అప్పు కావాల్సిన ముస్లిం కుటుంబాలకు అది ఓ దారి. అయితే ఆయన పాలన అంతా మెచ్చుకోలు కాదు. ఉద్యోగుల రిటైర్మెంట్ వయసును ఒక్కసారిగా 58 నుంచి 55కు తగ్గించి వేల ఇళ్లల్లో ఉసురు పోసుకున్నారు. పార్టీలో రెండో మాట అనేవాడికి చోటు ఉండేది కాదు. ఒకే పార్టీ రాజ్యాన్ని కూల్చినాయన పార్టీని ఒకే మనిషి పార్టీగా నడిపారు.

1984 ఆగస్టులో అమెరికాలో గుండె ఆపరేషన్ చేయించుకుని రాగానే గవర్నర్ రామ్‌లాల్ ఆయన్ని తొలగించి నాదెండ్ల భాస్కరరావును కుర్చీ ఎక్కించారు. ఎమ్మెల్యేలను వెంటేసుకుని ఎన్టీఆర్ ఢిల్లీ వెళ్లారు, తర్వాత వాళ్లను కర్ణాటకలో దాచాల్సి వచ్చింది. ఆ కుర్చీ గొడవ నడుస్తుండగానే హైదరాబాద్‌లో మత కల్లోలాలు, కర్ఫ్యూలు. పైన పదవుల పంచాయితీ అయితే కింద రక్తం కారింది పేదవాళ్లది. నెల తిరిగేసరికి ఎన్టీఆర్ మళ్లీ ముఖ్యమంత్రి అయ్యారు. డిసెంబరు లోక్‌సభ ఎన్నికల్లో దేశమంతా కాంగ్రెస్ గాలి వీస్తే ఇక్కడ తెలుగుదేశం 30 సీట్లు గెలిచి పార్లమెంటులో పెద్ద ప్రతిపక్షం అయ్యింది. చిత్తూరు నుంచి ఝాన్సీలక్ష్మి ఎంపీ అయ్యారు. 1977 లెక్క తిరగబడింది.

1989లో ఓడిపోయారు. 1993లో తిరుపతిలోనే, మేజర్ చంద్రకాంత్ వంద రోజుల పండగ వేదిక మీద, లక్ష్మీపార్వతితో పెళ్లి సంగతి లోకానికి చెప్పారు. 1994లో మళ్లీ గెలుపు, ఈసారి 216 సీట్లు. కాంగ్రెస్‌కు మిగిలింది 26. ప్రతిపక్షం లేని సభలో చీలిక ఇంట్లోనే పుట్టింది. 1995 ఆగస్టులో ఎమ్మెల్యేలు ఎక్కువమంది చంద్రబాబు వెంట హైదరాబాద్ వైస్రాయ్ హోటల్‌కు చేరారు. ఎన్టీఆర్ మళ్లీ చైతన్య రథం ఎక్కి ఆ హోటల్ ముందుకు వెళ్తే ఆయన మీద చెప్పులు పడ్డాయి. తొమ్మిది నెలలు ఆ రథం నడిపిన హరికృష్ణ ఆ రోజు అవతలి పక్షంలో ఉన్నారు. అయిదు నెలలు కూడా గడవకముందే, 1996 జనవరి 18న, 72 ఏళ్ల వయసులో గుండెపోటుతో ఎన్టీఆర్ కన్నుమూశారు.