రాజా దీన్ దయాళ్: కొత్త కెమెరా ఎక్కడ పనికొచ్చింది, ఎక్కడ పనికిరాలేదు

ఎదుటి మనిషి కన్ను ఎక్కడుందో కెమెరాయే వెతికి పట్టుకుని ఫోకస్ చేసే రోజులివి. ఎగిరే పక్షిని, పరుగెత్తే పిల్లాడిని అది వదలకుండా వెంటాడుతుంది. మరి పాత కెమెరాతో ఇంకా నెట్టుకురావచ్చా, కొత్తది కొనాల్సిందేనా? ఫొటోగ్రాఫర్ల మధ్య ఎప్పటికీ తెగని చర్చ ఇది. ఇలాంటి ప్రశ్నే 140 ఏళ్ల కిందట, హైదరాబాద్‌తో పేరు ముడిపడిపోయిన ఒక ఫొటోగ్రాఫర్ ముందుకూ వచ్చింది. ఆయన రాజా దీన్ దయాళ్.

దీన్ దయాళ్ 1844లో మీరట్ దగ్గరి సర్ధనాలో ఒక జైన కుటుంబంలో పుట్టారు. రూర్కీలోని థామసన్ ఇంజినీరింగ్ కాలేజీలో చదివి, ఇందౌర్‌లో ప్రజా పనుల శాఖలో ఎస్టిమేటర్‌గా, డ్రాఫ్ట్స్‌మన్‌గా చేరారు. కెమెరా చేతికి వచ్చింది 1874 ప్రాంతంలో. అప్పటికి ఆయనకు ముప్ఫై ఏళ్లు. ఇందౌర్ పాలకుడు రెండో తుకోజీ రావు హోల్కర్ ప్రోత్సహించారు. ఆ తర్వాత బ్రిటిష్ అధికారుల దృష్టీ పడింది.

ఆ కాలంలో ఫొటో తీయడమంటే ఒక చిన్న రసాయనశాలను వెంట మోసుకెళ్లడమే. గాజు పలక మీద కొలోడియన్ ద్రవాన్ని సమంగా పోయాలి. చీకటి గుడారంలో దాన్ని సిల్వర్ నైట్రేట్‌లో ముంచాలి. తడి ఆరకముందే కెమెరాలో పెట్టి, ఫొటో తీసి, మళ్లీ గుడారంలోకి పరుగెత్తి డెవలప్ చేయాలి. మొత్తానికి ఉండే వ్యవధి పది, పదిహేను నిమిషాలు. మధ్య భారతపు ఎండల్లో అంత కూడా దొరకదు. అందుకే దీనికి వెట్ ప్లేట్ అని పేరు.

ఫోకస్ సంగతి ఇంకా కష్టం. నల్ల గుడ్డ కప్పుకుని, కెమెరా వెనకాల గరుకు గాజు మీద తలకిందులుగా పడే బొమ్మను చూస్తూ లెన్స్‌ను జరపాలి. బొమ్మ స్పష్టంగా కుదిరాక ఆ గాజు స్థానంలో పలక పెట్టాలి. అక్కడి నుంచి లెన్స్ లోంచి ఏమీ కనబడదు. మూత తీసి, సెకన్లు లెక్కపెట్టి, మళ్లీ మూయడమే. ఈ మధ్యలో ఎదుటి మనిషి అటూ ఇటూ కదిలితే పలక పాడైనట్టే.

అయితే గుడులూ కోటలూ కదలవు. 1882లో బ్రిటిష్ అధికారి లెపెల్ గ్రిఫిన్‌తో కలిసి దీన్ దయాళ్ బుందేల్‌ఖండ్ ప్రాంతమంతా తిరిగారు. అప్పటి ఫొటోలతో మధ్య భారత కట్టడాలపై 1886లో ఒక పుస్తకం వెలువడింది. ఆయన తీసిన గ్వాలియర్, సాంచి, ఖజురహో దృశ్యాలను చరిత్రకారులు ఇప్పటికీ వెతుక్కుని చూస్తారు. ఆ ఫొటోల బలం కెమెరా వేగంలో లేదు. ఎక్కడ నిలబడాలి, ఏ వేళకు నీడ ఎటు పడుతుంది, గోడ అంచు నిటారుగా రావాలంటే కెమెరాను ఎంత ఎత్తులో పెట్టాలి అన్న లెక్కలో ఉంది. ఏళ్ల తరబడి కట్టడాల నక్షాలు గీసిన చెయ్యి కదా! ఈ పనికి ఇంతకంటే కొత్త కెమెరా ఇచ్చినా పెద్ద తేడా వచ్చేది కాదు.

గుర్రాల దగ్గర మాత్రం లెక్క మారిపోయింది. 1870ల చివరికి ఫ్యాక్టరీల్లో తయారైన డ్రై ప్లేట్లు మార్కెట్లోకి వచ్చాయి. వీటిని ముందే కొని పెట్టుకోవచ్చు, తీరిగ్గా డెవలప్ చేసుకోవచ్చు. అన్నిటికీ మించి, ఇవి సెకనులో చిన్న భాగానికే బొమ్మను పట్టేస్తాయి. దీన్ దయాళ్ వాటిని అందిపుచ్చుకున్నారు. సైనిక విన్యాసాలు, కంచె మీదుగా దూకుతున్న గుర్రాలు ఆయన పలకల మీదికి వచ్చాయి. గుర్రం కాళ్లు నేల వదిలిన క్షణాన్ని వెట్ ప్లేట్‌తో పట్టుకోవడం ఎంత అనుభవజ్ఞుడికైనా చాలా కష్టం. నైపుణ్యం ఉంటే చాలు, పరికరంతో పనేముంది అనేవాళ్లు ఈ ఫొటోలను ఒకసారి చూడాలి. అలాగని కొత్త పలక ఒక్కటే సరిపోలేదు. ఫోకస్ ఇప్పటికీ చేత్తోనే. గుర్రం వెంట లెన్స్ పరుగెత్తదు కాబట్టి, కంచె మీద ముందే ఫోకస్ కుదుర్చుకుని, అది వచ్చేదాకా కాచుకోవాల్సిందే.

1880ల మధ్యలో దీన్ దయాళ్ వైస్రాయ్‌కూ, ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కూ ఫొటోగ్రాఫర్ అయ్యారు. 1886లో సికింద్రాబాద్‌లో స్టూడియో పెట్టారు. తర్వాత నిజాం ఆయనకు రాజా బహదూర్ ముసవ్విర్ జంగ్ బిరుదు ఇచ్చారు. ముసవ్విర్ అంటే చిత్రకారుడు.

హైదరాబాద్‌లో ఆయనకు ఎదురైన అడ్డంకి మాత్రం ఏ లెన్స్‌కూ లొంగేది కాదు. పరదా పాటించే కుటుంబాల స్త్రీలు పరాయి మగవాడి కెమెరా ముందుకు రారు. ఎంత వేగమైన పలక తెచ్చినా వాళ్ల ఫొటో రాదు. 1892లో ఆయన స్త్రీల కోసమే విడిగా జెనానా స్టూడియో తెరిచారు. దాని బాధ్యతను మిసెస్ కెన్నీ లెవిక్ అనే ఇంగ్లిష్ మహిళకు అప్పగించారు. అంతే, తలుపు తెరుచుకుంది. ఆయన జీవితంలో ఎక్కువ మార్పు తెచ్చిన కొత్తదనం ఇదేనేమో. దీన్ని ఏ కెమెరా కంపెనీ అమ్మలేదు.

ఆ స్టూడియో పేరుతో బాగా తెలిసిన ఫొటోల్లో ఒకటి 1902 ఏప్రిల్‌లో వరంగల్ ప్రాంతంలోని నెక్కొండలో తీసింది. వేటాడిన పులి వెనక వైస్రాయ్ కర్జన్ దంపతులు కనిపిస్తారు. చచ్చిన పులికి వేగమైన పలక అక్కర్లేదు! నిజాం రాజ్యంలో కరవు సహాయక పనులనూ ఇదే స్టూడియో చిత్రించింది. అది సర్కారు అప్పగించిన పని. కాబట్టి ఆ ఫొటోల్లో కనబడేది ఎక్కువగా సహాయమే, ఆకలి తక్కువ. కెమెరా ఎవరి తరఫున నిలబడిందన్న ప్రశ్నకు పరికరంలో జవాబు ఉండదు.

1896లో బొంబాయి స్టూడియో మొదలయ్యే నాటికి దీన్ దయాళ్ ఒక సంస్థ. కొడుకులు జ్ఞాన్ చంద్, ధరమ్ చంద్, ఇతర సిబ్బంది తీసిన ఫొటోలూ ఆయన పేరుతోనే బయటికి వెళ్లేవి. ఏది ఎవరి చేతి పనో ఇప్పుడు విడదీయడం సులువు కాదు. 1904లో ధరమ్ చంద్ చనిపోయారు. మరుసటి ఏడాది జులైలో బొంబాయిలో దీన్ దయాళ్ కన్నుమూశారు.

ఆ స్టూడియో గాజు నెగెటివ్‌లలో 2,857 పలకలను 1989లో ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళల కేంద్రం సేకరించి భద్రపరిచింది.