బ్యాంకు ఉద్యోగుల వేతన తీర్పు కోసం మంత్రి పదవిని వదులుకున్న వి.వి.గిరి
(ఆగస్టు 10 మాజీ రాష్ట్రపతి, భారతరత్న వి.వి.గిరి జయంతి)

స్వర్గీయ వరాహగిరి వెంకటగిరి 1894 ఆగస్టు 10న నాటి మద్రాసు రాష్ట్రంలోని గంజాం జిల్లా బరంపురంలో తెలుగు కుటుంబంలో జన్మించారు. తండ్రి జోగయ్య పంతులు న్యాయవాది. డబ్లిన్‌లో న్యాయశాస్త్రం అభ్యసించిన గిరి 1916లో స్వదేశానికి తిరిగివచ్చారు.

న్యాయవాద వృత్తి కంటే కార్మికోద్యమమే ఆయనను ఎక్కువగా ఆకర్షించింది. అఖిల భారత రైల్వేమెన్ సమాఖ్య వ్యవస్థాపకులలో ఆయన ఒకరు. 1920ల చివర బెంగాల్ నాగపూర్ రైల్వేలో ఉద్వాసనకు గురైన కార్మికుల పక్షాన శాంతియుత సమ్మెకు నాయకత్వం వహించారు. నాడు రైల్వే ఉద్యోగుల పని గంటలపై పరిమితి నామమాత్రమే. 1930 చట్ట సవరణ తరువాత సైతం నిరంతర విధులలోని వారికి వారానికి 60 గంటలు, విరామంతో కూడిన విధులలోని వారికి 84 గంటలు అనుమతించబడినాయి. 1947లో జస్టిస్ రాజాధ్యక్ష తీర్పుతో అవి 54, 75 గంటలకు తగ్గినాయి.

1952లో పాతపట్నం నుంచి లోక్‌సభకు ఎన్నికైన గిరి, నెహ్రూ మంత్రివర్గంలో కార్మిక శాఖను చేపట్టారు. వివాదాలను ట్రిబ్యునళ్లకు నివేదించుట కంటే యాజమాన్యాలు, కార్మికులు పరస్పర చర్చల ద్వారా పరిష్కరించుకొనుటే మేలని ఆయన దృఢాభిప్రాయం. అయితే బ్యాంకు ఉద్యోగుల జీతభత్యాల వివాదం అప్పటికే ట్రిబ్యునల్ మెట్లెక్కింది. 1953లో శాస్త్రి ట్రిబ్యునల్, 1954 ఏప్రిల్‌లో లేబర్ అప్పిలేట్ ట్రిబ్యునల్ తీర్పులు వెలువరించాయి. చిన్న బ్యాంకులు భారం మోయలేవన్న వాదన నేపథ్యంలో ప్రభుత్వం అదే సంవత్సరం ఆగస్టులో అప్పిలేట్ తీర్పును ఉద్యోగులకు నష్టం కలిగేలా సవరించింది. నిర్బంధ తీర్పుల విధానాన్ని ఇష్టపడని మంత్రే, వెలువడిన తీర్పును ప్రభుత్వం మార్చరాదని పదవికి రాజీనామా చేయుట విశేషం. జీతాల వివాదంపై కేంద్ర మంత్రి వైదొలగిన సందర్భాలు బహు అరుదు.

ఆ రాజీనామా వృథా కాలేదు. ప్రభుత్వం విచారణ సంఘాన్ని నియమించింది. రైల్వే తీర్పునిచ్చిన జస్టిస్ రాజాధ్యక్షకే తొలుత ఆ బాధ్యత అప్పగించగా, ఆయన మరణానంతరం జస్టిస్ గజేంద్రగడ్కర్ విచారణ పూర్తిచేశారు. సంఘం సూచించిన మార్పులతో అప్పిలేట్ తీర్పును అమలుపరుస్తూ 1955లో పార్లమెంటు చట్టం చేసింది.

అనంతరం గిరి ఉత్తరప్రదేశ్, కేరళ, మైసూరు రాష్ట్రాల గవర్నరుగా, 1967 నుంచి ఉపరాష్ట్రపతిగా పనిచేశారు. 1969 జూలై 19న 14 బ్యాంకులను జాతీయం చేసిన ఆర్డినెన్స్‌పై తాత్కాలిక రాష్ట్రపతి హోదాలో సంతకం చేసినది ఆయనే. దానితో ఆ బ్యాంకుల సిబ్బంది ప్రభుత్వ రంగ ఉద్యోగులయ్యారు. మరునాడే రాజీనామా చేసి రాష్ట్రపతి ఎన్నికలలో స్వతంత్ర అభ్యర్థిగా పోటీచేసి గెలుపొందారు. 1975లో భారతరత్న పొందిన గిరి 1980 జూన్‌లో మద్రాసులో కన్నుమూశారు.