అంకెల వెనుక మనుషులు
(ప్రశాంత చంద్ర మహలనోబిస్ జీవితం)

పాఠ్యభాగ ఉద్దేశం

సాంఖ్యకశాస్త్రం గణితం చదివేవారికి మాత్రమే సంబంధించినదనే అభిప్రాయం విద్యార్థులలో బలంగా ఉన్నది. చరిత్ర, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం చదివేవారు సగటు, సహసంబంధం వంటి మాటలు వినగానే వెనుకంజ వేస్తారు. మనిషిని గురించి, సమాజాన్ని గురించి నిజం చెప్పదలచిన ప్రతివారికీ ఈ శాస్త్రం అవసరమని నమ్మి, దానిని భారతదేశంలో నెలకొల్పిన ఒక గురువు జీవితాన్ని పరిచయం చేయడం ఈ పాఠ్యభాగ ఉద్దేశం.

పాఠ్యభాగం

విశాఖపట్టణం నుండి కిరండూల్ వెళ్ళే రైలు శృంగవరపుకోట దాటిన తరువాత తూర్పు కనుమలను ఎక్కడం మొదలుపెడుతుంది. సొరంగాల వెంట సొరంగాలు గడిచి, బొర్రా గుహలను దాటి అరకు లోయను చేరుతుంది. లోయ చుట్టూ ఉన్న కొండల మీద బగతలు, వాల్మీకులు, కొండదొరలు, పోర్జాలు, గదబలు మొదలైన గిరిజనుల గూడేలు చెదరి ఉన్నాయి. ఈ కొండలలోని కుటుంబాల జీవనస్థితిని తెలుసుకొని రమ్మని ఒక కళాశాల విద్యార్థిని పంపినట్లు భావిద్దాం. అతడు సంతరోజున రోడ్డు పక్కన కనబడిన పదిమందిని అడిగి తిరిగి వస్తే, కొండ మీది గూడెం అతని లెక్కలోకి రాదు. చేతికి వచ్చిన డబ్బును మాత్రమే రాసుకుంటే, ఇంటి అవసరానికి పండించుకున్న చోళ్ళు, సామలు, కందులు లెక్కలోకి రావు. పంటను కుంచాలలో, అడ్డలలో చెబితే, ఆ కుంచం ఎంతటిదో ముందుగా తెలుసుకోవాలి. కొండవాలున పోడు చేసిన నేలకు సర్వే నంబరు ఉండకపోవచ్చు. ఎవరిని అడగాలి, ఎంతమందిని అడగాలి, వారు చెప్పినదానిని ఏ విధంగా సరిచూడాలి అనే ప్రశ్నలు ఇక్కడ పుడతాయి. ఈ ప్రశ్నలకు మన దేశంలో శాస్త్రీయమైన సమాధానాలు వెదికి, వాటిని తరువాతి తరాలకు బోధించినవాడు ప్రశాంత చంద్ర మహలనోబిస్.

ఆయన 1893 జూన్ 29న కలకత్తాలో ఒక బ్రహ్మసమాజ కుటుంబంలో జన్మించాడు. ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్రం చదివాడు. జగదీశ్ చంద్ర బోస్, ప్రఫుల్ల చంద్ర రాయ్ వంటి మహనీయులు అక్కడ ఆయనకు గురువులు. 1913లో ఉన్నత విద్య కోసం ఇంగ్లండు వెళ్ళాడు. ఒకనాడు కేంబ్రిడ్జిని చూడబోయి, రాత్రి చివరి రైలు తప్పిపోవడంతో మిత్రుని ఇంట ఆగవలసి వచ్చింది. కింగ్స్ కళాశాల ప్రార్థనా మందిరం అందానికి ముగ్ధుడై ఆ కళాశాలలోనే చేరాడు. గణిత మేధావి శ్రీనివాస రామానుజన్‌తో ఆయనకు స్నేహం కలిగింది అక్కడే. కేంబ్రిడ్జి చలికి వణుకుతూ కంబళ్ళ పైన పడుకుంటున్న రామానుజన్‌కు, ఆ కంబళ్ళను తీసి వాటి లోపల పడుకోవాలని చూపించినవాడు మహలనోబిసే.

చదువు పూర్తిచేసి 1915లో స్వదేశానికి బయలుదేరబోతుండగా, కళాశాల గ్రంథాలయంలో ఒక అధ్యాపకుడు ఆయనకు బయోమెట్రికా అనే పత్రిక సంపుటాలను చూపించాడు. జీవుల కొలతలను గణిత పద్ధతులతో పరిశీలించే పత్రిక అది. మహలనోబిస్ ఆ సంపుటాలన్నింటినీ కొని, ఓడ ప్రయాణంలో చదవసాగాడు. ప్రెసిడెన్సీ కళాశాలలో భౌతికశాస్త్ర అధ్యాపకుడుగా చేరిన తరువాత కూడా ఆ ఆసక్తి తగ్గలేదు. తత్త్వవేత్త బ్రజేంద్రనాథ్ శీల్ కలకత్తా విశ్వవిద్యాలయం పరీక్షా ఫలితాలను విశ్లేషించడంలో ఆయన సహాయం కోరాడు. 1920లో నాగపూరులో జరిగిన భారత సైన్స్ కాంగ్రెస్‌లో జంతుశాస్త్రవేత్త నెల్సన్ అన్నండేల్ పరిచయమై, కలకత్తాలోని ఆంగ్లో ఇండియన్ల శరీర కొలతలను పరిశీలించమని అప్పగించాడు. ఆ పరిశీలన 1922లో వెలువడింది. సాంఖ్యకశాస్త్రంలో మహలనోబిస్ తొలి రచన అదే. ఈ విధంగా ఒక భౌతికశాస్త్రవేత్తను కొత్త శాస్త్రం వైపు మళ్ళించినవి విద్యార్థుల మార్కులు, మనుషుల కొలతలు.

మనుషులను కొలిచే పని అప్పటికే దేశంలో సాగుతున్నది. బెంగాలులో హెర్బర్ట్ రిజ్లీ, మద్రాసు రాజధానిలో ఎడ్గార్ థర్‌స్టన్ అనే ఆంగ్లేయ అధికారులు కులాలను, తెగలను వర్ణిస్తూ పెద్ద గ్రంథాలు వెలువరించారు. 1909లో ఏడు సంపుటాలుగా వచ్చిన థర్‌స్టన్ గ్రంథంలో మన తూర్పు కనుమల గదబలు, పోర్జాలు, సవరలు కూడా ఉన్నారు. ముక్కు కొలతను బట్టి సంఘంలో కులం స్థాయిని చెప్పవచ్చునని రిజ్లీ వాదించాడు. అంకెలు ఉన్నందువల్ల ఆ వాదం శాస్త్రంవలె కనిపించింది. శరీర కొలతలతో మనుషులలో హెచ్చుతగ్గులు నిర్ణయించడానికి శాస్త్రీయమైన ఆధారం లేదని నేటి మానవశాస్త్రం స్పష్టంగా చెబుతున్నది. మహలనోబిస్ కూడా తన కాలపు జాతి భావనల నడుమనే పని మొదలుపెట్టాడు. అయితే ఆయన అచ్చులో ఉన్న అంకెను అచ్చులో ఉన్నందుకే నమ్మలేదు. రిజ్లీ ప్రకటించిన కొలతలను తిరిగి పరిశీలించి, వాటిలోని పొరపాట్లను ఎత్తిచూపి, 1933 నుండి సవరణలు ప్రచురించాడు.

రెండు సమూహాలను పోల్చడంలో ఉన్న చిక్కును కూడా ఆయన గుర్తించాడు. రెండు గ్రామాల ప్రజల సగటు ఎత్తులో ఒక అంగుళం తేడా ఉన్నదనుకుందాం. ఒక్కొక్క గ్రామంలోనే పొట్టివారు, పొడుగువారు విస్తారంగా కలిసి ఉంటే, ఆ అంగుళం తేడాకు పెద్ద విలువ లేదు. పొడవైనవారికి చేతులు కూడా సాధారణంగా పొడవుగా ఉంటాయి. కనుక ఎత్తులో తేడాను, చేతుల పొడవులో తేడాను విడివిడిగా కూడితే ఒకే తేడాను రెండుసార్లు లెక్కించినట్లవుతుంది. సమూహం లోపలి వైవిధ్యాన్ని, కొలతల మధ్య ఉన్న సహసంబంధాన్ని రెండింటినీ పరిగణించి పోల్చే పద్ధతిని ఆయన రూపొందించి, 1936లో సమగ్రంగా ప్రకటించాడు. ప్రపంచమంతటా దానిని మహలనోబిస్ దూరం అని పిలుస్తున్నారు.

ప్రెసిడెన్సీ కళాశాల భౌతికశాస్త్ర విభాగంలో ఒక గదిలో కొద్దిమంది యువకులతో నడిచిన ఆయన ప్రయోగశాల నుండి 1931 డిసెంబరు 17న భారతీయ సాంఖ్యక సంస్థ పుట్టింది. 1933లో సంస్థ పత్రిక ప్రారంభమైంది. దానికి ఆయన సాంఖ్య అని పేరు పెట్టాడు. లెక్క అనే అర్థం, సరియైన జ్ఞానం అనే అర్థం రెండూ ఆ మాటలో ఇమిడి ఉన్నాయి. ప్రభుత్వ శాఖలు పంపిన ఉద్యోగులకు, వివిధ శాస్త్రాల విద్యార్థులకు సంస్థలో శిక్షణ ఇచ్చేవారు. 1941లో ఆయన నాయకత్వంలో కలకత్తా విశ్వవిద్యాలయంలో సాంఖ్యకశాస్త్ర స్నాతకోత్తర విభాగం ఏర్పడింది. దేశంలో అటువంటి విభాగం అదే మొదటిది.

ఆ తొలి తరగతిలో చదివినవారిలో ఒక తెలుగు యువకుడున్నాడు. ఆయన పేరు కల్యంపూడి రాధాకృష్ణారావు. అరకు కొండల దిగువనున్న విశాఖపట్టణంలో ఇంటర్మీడియట్, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం ఎం.ఎ. పూర్తిచేసి, ఉద్యోగం వెదుక్కుంటూ కలకత్తా వెళ్ళాడు. అక్కడ ఈ సంస్థ సంగతి విని, 1941లో శిక్షణకు చేరాడు. ఉత్తర భారతంలో డి.ఎన్. మజుందార్ అనే మానవశాస్త్రవేత్త సేకరించిన వేలమంది కొలతల విశ్లేషణను మహలనోబిస్ ఈ యువకునికి అప్పగించాడు. 1946లో కేంబ్రిడ్జి మానవశాస్త్ర ప్రదర్శనశాల నుండి, సూడాన్‌లో దొరికిన ప్రాచీన అస్థిపంజరాల కొలతలను మహలనోబిస్ పద్ధతిలో పరిశీలించేవారు కావాలని కోరినప్పుడు, రావును అక్కడికి పంపాడు. సాంఖ్యకశాస్త్రంలో ప్రపంచ ప్రసిద్ధుడైన సి.ఆర్. రావు ఈ విధంగా మనుషుల కొలతలతోనే పరిశోధన మొదలుపెట్టాడు. ఉపన్యాసాల కంటె, పరిష్కారం కావలసిన నిజమైన సమస్యను చేతికిచ్చి నేర్పడం మహలనోబిస్ బోధనా పద్ధతి.

అన్నం ఉడికినదీ లేనిదీ తెలుసుకోవడానికి మన గృహిణులు ఒక మెతుకు పట్టి చూస్తారు. నమూనా సర్వేకు మూలమైన ఆలోచన ఇదే. అయితే కుండలోని అన్నం అంతటా ఒకే తీరున ఉడుకుతుంది. సమాజం అటువంటి కుండ కాదు. మైదానం వేరు, కొండ వేరు. భూమి ఉన్నవారు వేరు, కూలికి పోయేవారు వేరు. కనుక పరిశోధకుడు తన ఇష్టం వచ్చినవారిని కాక, చీటీలు వేసి తీసినట్లు, ప్రతివారికీ అవకాశం ఉండే విధంగా నమూనాను ఎన్నుకోవాలి. 1937 నుండి బెంగాలులో జనుము సాగు విస్తీర్ణంపై మహలనోబిస్ ఇటువంటి సర్వేలు జరిపాడు. సరిగా ఎన్నుకున్న కొద్ది క్షేత్రాల నుండి, తక్కువ ఖర్చుతో, నమ్మదగిన అంచనా వస్తుందని నిరూపించాడు. లెక్క రాసేవారి పొరపాట్లను కనిపెట్టడానికి ఆయన మరొక ఉపాయం చేశాడు. ఒకే ప్రాంతంలో రెండు నమూనాలను విడివిడిగా ఎన్నుకొని, రెండు బృందాలను పంపేవాడు. వారి ఫలితాలలో తేడా ఎక్కువగా వస్తే, లోపం ఎక్కడున్నదో వెదికేవారు. తన లెక్కను తానే శంకించి చూసుకోవడం ఈ పద్ధతిలోని ప్రాణం.

1943లో బెంగాలు కరువు లక్షలాది ప్రాణాలను బలిగొన్నది. దాని తరువాత గ్రామాల స్థితిని తెలుసుకోవడానికి మహలనోబిస్, మానవశాస్త్రవేత్త క్షితీశ్ ప్రసాద్ చట్టోపాధ్యాయ తదితరులతో కలిసి నమూనా సర్వే జరిపాడు. భూమిని అమ్ముకున్నవారు, పశువులను కోల్పోయినవారు, వృత్తి చెడినవారు ఎవరెవరో ఆ సర్వే తేల్చింది. కరువు అందరిమీదా సమానంగా పడలేదు. కూలీలు, చేపలు పట్టేవారు, చేతివృత్తులవారు ఎక్కువగా చితికిపోయారు. మొత్తానికి ఒక సగటు చెప్పి ఊరుకుంటే ఆ కుటుంబాలు ఆ సగటు వెనుక మరుగున పడిపోయేవి.

స్వాతంత్ర్యం వచ్చిన తరువాత, 1950లో, ఆయన చొరవతో జాతీయ నమూనా సర్వే ప్రారంభమైంది. పరిశోధకులు దేశం నలుమూలలా గ్రామాలకు వెళ్ళి, కుటుంబాల ఆదాయవ్యయాలను అడిగి రాసుకొనేవారు. ప్రశ్నలను అనేక భాషలలోకి మార్చవలసి వచ్చింది. ప్రాంతానికొక కొలమానం ఉండేది. మన తెలుగునాటనే సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం అనే కొలతలు వాడుకలో ఉండేవి. ఈ కొలతలన్నింటినీ సమానమైన తూకాలలోకి మార్చకుండా ఒక కుటుంబాన్ని మరొక కుటుంబంతో పోల్చడం సాధ్యం కాదు. 2019లో ఆ సంస్థ జాతీయ గణాంక కార్యాలయంలో విలీనమైనది. సర్వేలు నేటికీ సాగుతున్నాయి.

1950లోనే కలకత్తాలో అంతర్జాతీయ సాంఖ్యక విద్యాకేంద్రం ఏర్పడి, ఆసియా, ఆఫ్రికా దేశాల నుండి వచ్చినవారికి శిక్షణ ఇవ్వసాగింది. 1959లో పార్లమెంటు చట్టం ద్వారా భారతీయ సాంఖ్యక సంస్థకు పట్టాలిచ్చే అధికారం లభించింది. మరుసటి సంవత్సరం ప్రారంభమైన బి.స్టాట్. తరగతులలో గణితంతోపాటు భౌతికశాస్త్రం, జీవశాస్త్రం, అర్థశాస్త్రం, సమాజశాస్త్రం, మనోవిజ్ఞానశాస్త్రం కూడా బోధించాలని ఆయన పట్టుబట్టాడు. సాంఖ్యకశాస్త్రజ్ఞునికి సమాజం తెలియకపోతే అంకెకు అర్థం తెలియదనీ, సమాజశాస్త్రజ్ఞునికి సాంఖ్యకం తెలియకపోతే తన మాటకు ఆధారం చూపలేడనీ ఆయన విశ్వాసం.

రెండవ పంచవర్ష ప్రణాళిక రూపకర్తగా ఆయన పేరు దేశమంతటా వినిపించింది. భారీ పరిశ్రమలకు ప్రాధాన్యమిచ్చిన ఆ ప్రణాళిక వ్యవసాయానికి తగినంత చోటివ్వలేదనే విమర్శ కూడా వచ్చింది. 1945లో రాయల్ సొసైటీ సభ్యత్వం, 1968లో పద్మవిభూషణ్ ఆయనను వరించాయి. 1972 జూన్ 28న, డెబ్బై తొమ్మిదవ పుట్టినరోజుకు ఒక్క రోజు ముందు, ఆయన కన్నుమూశాడు. సంస్థ బాధ్యతను ఆయన శిష్యుడు సి.ఆర్. రావు స్వీకరించాడు. 2007 నుండి మహలనోబిస్ జన్మదినమైన జూన్ 29ని జాతీయ గణాంక దినోత్సవంగా జరుపుకుంటున్నాము.

అరకు కొండలకు వెళ్ళిన మన విద్యార్థిని మరల తలచుకుందాం. అతడు రోడ్డు పక్కన ఆగక, చీటీలో వచ్చిన గూడెం ఎంత దూరమైనా నడిచి వెళ్ళాలి. అక్కడి కుంచాన్ని కొలిచి చూడాలి. ఇంటి గాదెలో ఉన్న గింజలను కూడా అడిగి రాసుకోవాలి. తన లెక్కను మరొకరి లెక్కతో పోల్చి చూసుకోవాలి. బడి, ఆసుపత్రి, బియ్యం, రోడ్డు వంటి వాటిని నిర్ణయించేవారు అతడు రాసిన కాగితాన్నే చూస్తారు. అందులో చేరని గూడెం వారి కంటికి కనబడదు. కనుక ఆ కాగితం మీద అంకె వేసేటప్పుడు అతని చేయి జాగ్రత్తగా కదలాలి. మహలనోబిస్ జీవితమంతా నేర్పిన పాఠం ఇదే.

ప్రశ్నలు

1. మహలనోబిస్ భౌతికశాస్త్రం నుండి సాంఖ్యకశాస్త్రం వైపు మళ్ళిన తీరును వివరించండి.
2. రెండు సమూహాలను సగటుతో మాత్రమే పోల్చడంలోని లోపమేమిటి?
3. బెంగాలు కరువు సర్వే తెలిపిన విషయాలను రాయండి.
4. మీ గ్రామంలోని కుటుంబాల జీవనస్థితిని తెలుసుకోవడానికి పది కుటుంబాలను ఏ విధంగా ఎన్నుకుంటారు? కారణాలు తెలపండి.