ఎల్లాప్రగడ సుబ్బారావు: ఇల్మ్‌కు ఏ దేశం?

నంద్యాలలో గానీ ఆళ్లగడ్డలో గానీ గర్భవతి అయిన ఆడబిడ్డ సర్కారు దవాఖానాకు వెళితే చేతిలో ఐరన్ మాత్రలు పెడతారు. అందులో ఫోలిక్ యాసిడ్ కూడా ఉంటుంది. దాని వెనుక ఒక తెలుగువాడి శ్రమ ఉందని మన ఇళ్లలో ఎందరికి తెలుసు?

ఎల్లాప్రగడ సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. స్ప్రూ అనే జబ్బు, తిన్నది ఒంటికి పట్టనివ్వని విరేచనాల జబ్బు, ఆయన సోదరులిద్దరినీ కొద్దిరోజుల తేడాలో బలిగొంది. మద్రాసు వైద్య కళాశాలలో ఖద్దరు ధరించినందుకు ఆంగ్లేయ ఆచార్యుని ఆగ్రహానికి గురై, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువ స్థాయి ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. తర్వాత అక్కడే ఆయుర్వేద కళాశాలలో బోధించారు. ఖద్దరు విడవలేదు, ఆంగ్ల వైద్యాన్నీ ద్వేషించలేదు. మన హకీములది యునానీ వైద్యం కదా. ఆ మాటకు అర్థమే గ్రీకు అని. అది అరబ్బుల చేతుల్లో, ఇరానీయుల చేతుల్లో పెరిగి మన బజారుకు చేరింది. వైద్యానికి స్వదేశీ, పరదేశీ అని గోడ కట్టేవారు ఈ సంగతి మరచిపోతారు.

కాకినాడ మల్లాడి సత్యలింగ నాయకర్ ధర్మసంస్థ సాయంతో ఆయన అమెరికాలోని బోస్టన్ చేరారు. భార్యను ఇక్కడే వదిలి వెళ్లిన ఆ మనిషి మళ్లీ తిరిగి రాలేదు. పొట్టకూటికి రాత్రిళ్లు ఆస్పత్రిలో ఊడిగం చేశారు. హార్వర్డ్‌లో ఫిస్కేతో కలిసి 1925లో రక్తంలో భాస్వరాన్ని కొలిచే పద్ధతి కనుగొన్నారు. 1929లో కండరాలకు శక్తినిచ్చే ఏ.టి.పి.ని వీరిద్దరూ బయటపెట్టగా, అదే ఏడు జర్మనీలో లోమన్ కూడా దానినే కనుగొన్నారు. సముద్రానికి ఇవతల ఒకరు, అవతల ఒకరు. దొరికిన పదార్థం మాత్రం ఒక్కటే! అయినా హార్వర్డ్‌లో ఆయనకు శాశ్వత ఉద్యోగం దక్కలేదు.

1940లో లెడర్లీ కంపెనీ పరిశోధనశాలకు మారారు. అక్కడ ఆయన బృందం 1945లో ఫోలిక్ యాసిడ్‌ను కృత్రిమంగా తయారుచేసింది. ఆ మందుతో క్యూబాలో స్ప్రూ రోగులు కోలుకున్నారు. అన్నదమ్ములను తీసుకుపోయిన జబ్బు అదే. అప్పటికి పాతికేళ్లు దాటిపోయాయి. బోదకాలు క్రిములను చంపే మందు కూడా ఆ పరిశోధనశాల నుంచే వచ్చింది. కోస్తా జిల్లాల్లో ఇంటింటికీ తిరిగి మింగించిన మాత్రలు అవే.

1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, న్యూయార్క్ సమీపంలో నిద్రలోనే కన్నుమూశారు. అమెరికా పౌరసత్వం ఆయన తీసుకోలేదు.